లేవడం వేరు, లేచిపోవడం వేరు!

‘క్లయింట్ హాజ్ టర్న్‌డ్ డౌన్ ద నోటిఫికేషన్స్ ఫీచర్.’

ఉద్యోగంలో చేరిన మూడో నెలలో మా టీమ్ చాట్‌లో ఈ ఒక్క లైన్ వచ్చింది. టర్న్ అంటే తిప్పడం. డౌన్ అంటే కిందికి. వాల్యూమ్ టర్న్ డౌన్ చేయమంటే తగ్గిస్తాం కదా? అంటే వీళ్ళూ తగ్గించమంటున్నారు అనుకున్నా. గంటకోసారి వచ్చే నోటిఫికేషన్‌ని రోజుకోసారి వచ్చేలా మార్చేశా. రెండు రోజులు కూర్చుని టెస్ట్ చేసి, డెమోలో గర్వంగా చూపించా.

కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా లీడ్ మెల్లగా అన్నాడు: “బ్రదర్, వాళ్ళు ఆ ఫీచరే వద్దన్నారు.”

నాకు టర్న్ తెలుసు, డౌన్ తెలుసు. రెండూ చిన్న క్లాసుల్లో నేర్చుకున్న మాటలే. కానీ ఆ రెండూ పక్కపక్కన నిలబడితే ‘తిరస్కరించడం’ అవుతుందని మాత్రం తెలీదు. వీటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. నాకు తెలీదనడం కూడా పూర్తి నిజం కాదు. మాది ఎడపల్లి దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ నిజామాబాద్‌లో. అక్కడ లాంగ్ నోట్‌బుక్‌లో రెండు పేజీల లిస్టు రాసుకుని బట్టీ పట్టా. పుట్ ఆఫ్ అంటే వాయిదా, లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం... ఇలా. మార్కులు వచ్చాయి, లిస్టు పోయింది.

నాయినమ్మ చెప్పిన గ్రామర్

ఆ వారం ఇంటికెళ్ళినప్పుడు ఈ కథ చెప్తే అందరూ పడీ పడీ నవ్వారు. నాయినమ్మకి మాత్రం అర్థం కాలేదు. “ఏందిరా, గంత నవ్వుతుండ్రు?” అంది.

“ఇంగ్లిష్‌ల రెండు మాటలు కలిస్తే అర్థమే మారిపోతది నాయినమ్మా. నాకు తెల్వక తప్పు చేసిన” అన్నా.

“మారదా మరి? పక్కింటి పోరి పొద్దుగాల లేసింది అంటే ఒకటి, లేసిపోయింది అంటే ఒకటి గాదా?”

ఇంట్లో మళ్ళీ నవ్వులు. నేను మాత్రం నోరెళ్ళబెట్టా. ఇన్నేళ్ళలో ఏ టీచరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

మీరూ ఒకసారి చూడండి. ‘కొట్టాడు’ అంటే దెబ్బ. ‘పర్సు కొట్టేశాడు’ అంటే దొంగతనం. ‘పట్టుకో’, ‘పట్టించు’, ‘పట్టించుకో’... మూడింటిలోనూ ఉన్నది ఒకే పట్టు, కానీ మూడూ మూడు దారులు. ‘తిట్టిపోశాడు’ అంటాం. పోయడానికి అక్కడ బిందె ఉందా, నీళ్ళున్నాయా? ‘కనిపెట్టడం’లో కనడాన్నీ పెట్టడాన్నీ విడదీసి చూస్తే అర్థం దొరుకుతుందా? తెలుగు నేర్చుకునే బయటివాళ్ళు కూడా వీటి దగ్గర మనలాగే జుట్టు పీక్కుంటారు.

తేడా ఒక్కటే. మన జంటల్లో రెండో మాట కూడా ఎక్కువగా క్రియే: పో, వేయ్, పెట్టు, కొను. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేవి అప్, డౌన్, ఆఫ్, అవుట్, ఆన్ లాంటి చిన్న మాటలు. కొన్నిచోట్ల రెండు భాషలూ భలే కలుస్తాయి. ఈట్ అప్ అంటే తినేయ్, డ్రింక్ అప్ అంటే తాగేయ్, యూజ్ అప్ అంటే వాడేయ్, టేర్ అప్ అంటే చింపేయ్. మన ‘ఏయ్’ చేసే పనే అక్కడ అప్ చేస్తోంది: పని పూర్తయిపోయిందని చెప్పడం. అలాగని దీన్నే రూల్ చేసుకోకండి. లుక్ అప్ అంటే ‘చూసేయ్’ కాదు, డిక్షనరీలోనో ఫోన్‌లోనో వెతికి తెలుసుకోవడం.

రోజూ తగిలే కొన్ని

గో ఆఫ్: ఇది నన్ను రెండోసారి ముంచబోయింది. రాత్రి రెండింటికి అలర్ట్ ‘వెంట్ ఆఫ్’ అని మెసేజ్ వచ్చింది. లైట్ వెంట్ ఆఫ్ అంటే ఆరిపోయింది కాబట్టి, అలర్ట్ కూడా ఆగిపోయిందేమో అనుకుని పడుకోబోయా. కాదు! అలారం, అలర్ట్ గో ఆఫ్ అయ్యాయంటే మోగాయని. పాలు గో ఆఫ్ అయితే విరిగిపోయాయని. బాంబు గో ఆఫ్ అయితే పేలిందని. పక్కనున్న వస్తువుని బట్టే అర్థం.

పాస్ అవుట్: ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని మనందరి రెజ్యూమేల్లో ఉంటుంది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కూడా. కానీ అమెరికా వాళ్ళతో ఇంటర్వ్యూలో ఇదే అంటే, మీరు 2019లో స్పృహ తప్పి పడిపోయారని వాళ్ళకి వినిపిస్తుంది. గ్రాడ్యుయేటెడ్ అంటే గొడవే లేదు.

పుట్ ఆఫ్, కాల్ ఆఫ్: ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్ళకి ఈ రెండూ ముఖ్యం. ఇంటర్వ్యూ పుట్ ఆఫ్ అయిందంటే వాయిదా పడింది, చొక్కా ఇస్త్రీ చేసి ఉంచుకోండి. కాల్ ఆఫ్ అయిందంటే రద్దయింది, చొక్కా మడిచి లోపల పెట్టేయండి.

పిక్ అప్: ‘నిజామాబాద్ బస్టాండ్‌ల దిగుతున్న, పికప్ చేస్కో’ అని తెలుగులో హాయిగా అంటాం. ఇంగ్లిష్‌లో అయితే ‘పిక్ అప్ మీ’ అనకూడదు, ‘పిక్ మీ అప్’ అనాలి. మీ, హిమ్, హర్, ఇట్ లాంటివి వస్తే ఇలా విడిపోయే జంటల మధ్యలోనే కూర్చోవాలి. పార్సిల్ లాంటి నామవాచకం అయితే మధ్యలో ఉన్నా, చివర ఉన్నా సరే. లుక్ ఆఫ్టర్ లాంటి జంటలు మాత్రం విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనాల్సిందే.

కోప్ అప్: ఇది మనం అతికించిన అప్. వర్క్ ప్రెషర్‌తో ‘కోప్ అప్’ అవుతున్నాం అంటుంటాం. ‘కోప్ విత్’ చాలు.

ఒకే మాట, రెండు దేశాలు

ఇక్కడిదాకా నవ్వుకునే సంగతులే. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు.

నిజామాబాద్ నుంచి జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ వెళ్తే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి 51 శాతం వాటా వెళ్ళి, నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబర్‌లో బోధన్‌తో పాటు ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లలో కూడా లే ఆఫ్ ప్రకటించారు. అప్పుడు నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. పేపర్లన్నీ ‘లే ఆఫ్’ అని తెలుగు అక్షరాల్లోనే రాశాయి. మా చెరుకు ఊళ్ళలో ఇంగ్లిష్ ముక్క రానివాళ్ళకి కూడా ఆ మాట నోటికొచ్చింది.

లే అంటే పరచడం, ఆఫ్ అంటే పక్కకి. కలిపితే? అప్పట్లో అమల్లో ఉన్న మన 1947 పారిశ్రామిక వివాదాల చట్టం దీనికి స్పష్టమైన అర్థం ఇచ్చింది. బొగ్గు, కరెంటు, ముడిసరుకు లేకనో, సరుకు పేరుకుపోయో, యంత్రం చెడిపోయో యాజమాన్యం పని ఇవ్వలేకపోతే అది లే ఆఫ్. కార్మికుడి పేరు మస్టర్ రోల్‌లోనే ఉంటుంది. అర్హత ఉన్నవాళ్ళకి మూలవేతనం, డీఏ కలిపిన దాంట్లో సగం పరిహారం ఇవ్వాలి. ఉద్యోగంలోంచి తీసేయడాన్ని ఆ చట్టం రిట్రెంచ్‌మెంట్ అని వేరే పేరుతో పిలిచింది. అంటే కాగితం మీద లే ఆఫ్ అర్థం ‘కొన్నాళ్ళు ఆగండి’.

ఇక 2022 చివర్లో, 2023 మొదట్లో అమెరికా టెక్ కంపెనీల వార్తలు గుర్తున్నాయి కదా? మెటా 11,000 మందిని, గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించాయి. అక్కడా ఇదే మాట: లే ఆఫ్.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మా ఊరి పెద్దబాపు ఒకాయన ఫోన్ చేశాడు. చెరుకు పండించిన మనిషి. కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేర్.

“బిడ్డా, మావోనికి లే ఆఫ్ అన్నరంట. తీసెయ్యలే గద, మళ్ల పిలుస్తరు గద? గప్పటిదాక సగం జీతమన్న ఇస్తరు గద?”

నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆయన అడిగింది తప్పు కాదు. ఆ మాటకి ఆయనకి తెలిసిన అర్థం అది. కొడుకు కూడా బాధపడతారని అంతకుమించి చెప్పలేదు. పైగా ఆ వారమే కొత్త ఇంటి స్లాబ్ కోసం మేస్త్రీకి అడ్వాన్స్ ఇవ్వబోతున్నాడట, కొడుకు పంపే డబ్బు నమ్ముకుని.

“పెద్దబాపూ, అక్కడ లే ఆఫ్ అంటే ఇప్పుడు నౌకరి పోయినట్టే” అన్నా. వీసా సంగతి కూడా చెప్పా. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకే గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ చూసుకోవాలి, లేదా వేరే దారి వెతుక్కోవాలి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మరి గిదే మాట గద, మన ఫ్యాక్టరీకి పేపర్ల రాసింది?”

“గదే మాట. అర్థమే వేరు.”

“ఏం వేరు తీయి బిడ్డా. ఇక్కడ గూడ ఆగుండ్రి అన్నరు. ఆగుకుంటనే ఉన్నం.”

నా దగ్గర జవాబు లేదు. మన చట్టంలో లే ఆఫ్ అంటే తాత్కాలికమే. కానీ ఏళ్ళు గడిచినా బోధన్‌లో క్రషింగ్ మళ్ళీ మొదలవలేదు. 2019లో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కి ఆదేశించింది. అయినా ఆ ఫోన్ వల్ల ఒక పని జరిగింది. పెద్దబాపు స్లాబ్ ఆపాడు. ఇంటికి డబ్బు పంపొద్దని కొడుక్కి తనే చెప్పాడు.

మరి ఎలా నేర్చుకోవాలి?

అప్పటినుంచి నేను లిస్టులు మానేశా. ఎదురైన జంటని అది వచ్చిన వాక్యంతో సహా ఫోన్ నోట్స్‌లో రాసుకుంటా. డిక్షనరీలో టర్న్ ఒకసారి, డౌన్ ఒకసారి కాకుండా రెండూ కలిపి వెతుకుతా. వారానికి ఐదు చాలు. మనం రాసే మెయిల్‌లో డౌట్‌గా ఉంటే రిజెక్ట్, క్యాన్సిల్ లాంటి ఒంటరి మాట వాడితే నష్టమేం లేదు. కానీ అవతలివాళ్ళు రాసింది మాత్రం అర్థం కావాల్సిందే. ఎందుకంటే చేదు వార్తలు తరచూ ఈ చిన్న మాటల్లోనే చుట్టి వస్తాయి. ‘వి హావ్ టు లెట్ యూ గో’ అంటే వెళ్ళనిస్తున్నాం అని కాదు, తీసేస్తున్నాం అని. ప్రాజెక్ట్ నుంచి ‘రోల్ ఆఫ్’ అంటే ఆ ప్రాజెక్ట్‌లో మీ పని అయిపోయిందని, ఉద్యోగం పోయిందని కాదు. డౌట్ వస్తే అడగండి. రెండు రోజులు తప్పు పని చేయడం కన్నా రెండు నిమిషాల సిగ్గు నయం.

గడువు ఇంకో వారం ఉందనగా పెద్దబాపు మళ్ళీ ఫోన్ చేశాడు.

“మావోనికి వేరే కంపెనీల దొరికింది బిడ్డా. ఆ కాయితం నీకు పంపమన్న. ఒక్కొక్క మాట సదివి, ఏది ఏందో నాకు తెలుగుల చెప్పు. గప్పుడే స్లాబ్ ఏస్త.”