తాతయ్యకూ చర్చ వినిపిద్దాం

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మనలో చాలామంది చూసేదే ఇది. టీవీలో చర్చ నడుస్తుంటుంది. "ఏమంటున్నార్రా?" అని తాతయ్య అడుగుతాడు. మనం సౌండు పెంచుతాం. అయినా అర్థం కాక మళ్ళీ అడిగితే, "నీకెందుకులే తాతా" అనేస్తాం. పింఛన్ల మీద, సాగునీటి మీద జరిగే చర్చ ఆయనకు కాక ఇంకెవరికి?

సౌండు పెంచితే చాలదా?

చాలదు. వయసు పెరిగేకొద్దీ లోచెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. ముందుగా సన్నని ధ్వనులు వినబడవు. అచ్చులు వినిపిస్తాయి గానీ స, త, క వంటి హల్లులు జారిపోతాయి. 'సాగునీరు' అన్నారో, 'తాగునీరు' అన్నారో తేలదు. పైగా చర్చల్లో నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. అప్పుడు సౌండు పెంచితే గోల పెరుగుతుంది తప్ప మాట తేటపడదు.

చట్టం ఏమంటోంది?

టీవీ కార్యక్రమాలు వినికిడి లోపం ఉన్నవారికీ అందాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. దాని ప్రకారం కేంద్రం 2019లో ప్రమాణాలు ప్రకటించింది. కానీ ప్రత్యక్ష వార్తలకు, చర్చలకు వాటిలో మినహాయింపు ఇచ్చారు. అంటే తాతయ్యకు కావలసినవే మిగిలిపోయాయి. ఆ లోటు కొంతైనా మనం తీర్చవచ్చు.

మనం చేయగలిగినవి

1. చర్చ అయిపోయాక యూట్యూబ్‌లో పెట్టండి. వేగం 0.75కి తగ్గించండి. మాట తప్పిపోతే తెర ఎడమవైపు రెండుసార్లు తట్టండి, పది సెకన్లు వెనక్కి వెళుతుంది. చదువురాని వారికి ఇదే మేలు. మధ్యలో ఆపి, ఎవరు ఏమన్నారో చెప్పండి.

2. చదవగలిగిన వారికి గూగుల్ 2019లో తెచ్చిన 'లైవ్ ట్రాన్‌స్క్రైబ్' ఉపయోగపడుతుంది. ఫోన్‌ను టీవీ స్పీకర్ దగ్గర పెడితే మాటలు తెలుగు అక్షరాల్లో కనిపిస్తాయి. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. అందరూ ఒకేసారి అరిస్తే మాత్రం తప్పులు వస్తాయి.

3. ముందు డాక్టరుకు చూపించండి. చెవిలో గులిమి పేరుకున్నా వినికిడి తగ్గుతుంది. వినికిడి యంత్రం కావాలంటే, 2017లో నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. పేద కుటుంబాల్లో 60 ఏళ్ళు దాటినవారికి శిబిరాల్లో పరీక్షించి ఉచితంగా ఇచ్చే పథకమిది. జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి.

మిత్రులారా! చర్చ విన్నాక "నువ్వేమంటావు తాతా?" అని అడగండి. కరువులనూ, ఎన్నో ఎన్నికలనూ చూసినవాడు. ఆయన చెప్పేది టీవీలో రాదు.