సేటన్ (సంగీత బృందం)

'సేటన్' ఇంగ్లాండులోని న్యూకాజిల్ అపాన్ టైన్ నగరానికి చెందిన హెవీ మెటల్ సంగీత బృందం. 1979లో ఏర్పడినది. సేటన్ అనగా బైబిలులోని సాతాను. ఒకే వాద్యకారులు మూడు వేర్వేరు పేర్లతో ఆల్బములు వెలువరించుట వలన ఈ బృందానికి రావలసిన గుర్తింపు చాలా కాలము చెదరిపోయినది.

నేపథ్యం

హెవీ మెటల్ అనునది రాక్ సంగీతంలో ఒక శాఖ. బిగ్గరగా మ్రోగే ఎలక్ట్రిక్ గిటార్లు, వేగమైన డ్రమ్ములు, హెచ్చు స్థాయి గాత్రము దీని లక్షణాలు. 1979 నాటికి బ్రిటనులో అనేక యువ బృందాలు బయలుదేరగా, 'సౌండ్స్' అను వారపత్రిక ఈ ధోరణిని 'బ్రిటిష్ హెవీ మెటల్ నవతరంగం' అని పేర్కొన్నది. ఐరన్ మెయిడెన్, డెఫ్ లెపర్డ్ ఈ తరంగం నుండే ప్రపంచఖ్యాతి పొందినవి. సేటన్ వంటి బృందాలు స్థానికంగానే మిగిలిపోయినవి.

తొలి రికార్డులు

గిటారిస్టులు స్టీవ్ రామ్జీ, రస్ టిప్పిన్స్ బృందానికి మూలస్తంభాలు. 'కిస్ ఆఫ్ డెత్' అను సింగిల్ రికార్డు 1982లో వెలువడినది. గాయకుడు ఇయాన్ స్విఫ్ట్ అవెంజర్ అను మరొక బృందానికి వెళ్ళగా, అక్కడి గాయకుడు బ్రయాన్ రాస్ ఇక్కడకు వచ్చెను.

1983లో మొదటి ఆల్బము 'కోర్ట్ ఇన్ ద యాక్ట్' విడుదలైనది. నేరము చేయుచు పట్టుబడుట అనే అర్థమున్న ఆంగ్ల పదబంధానికీ, న్యాయస్థానము అను పదానికీ గల ఉచ్చారణా సామ్యముపై ఈ పేరు ఒక శ్లేష. ఇందులో రామ్జీ, టిప్పిన్స్ గిటార్లు, గ్రేమ్ ఇంగ్లిష్ బేస్ గిటారు, షాన్ టేలర్ డ్రమ్ములు వాయించిరి.

పేర్ల మార్పు

ఆల్బము తరువాత రాస్ వైదొలగి, తన పూర్వపు బృందమైన బ్లిట్జ్‌క్రీగ్‌ను పునరుద్ధరించెను. ఆ బృందపు 'బ్లిట్జ్‌క్రీగ్' పాటను అమెరికాకు చెందిన మెటాలికా 1984లో తిరిగి రికార్డు చేసినది.

బుర్రకథ దళంలో కథకుడు మారిన శ్రోతలు వెంటనే గుర్తించునట్లే, రాక్ బృందంలో గాయకుని మార్పు స్పష్టంగా తెలియును. ఇక్కడ గాయకునితో పాటు పేరు కూడ మారినది. సేటన్ అను పేరు విన్నవారు పాటలలో సాతాను ఆరాధన ఉండునని అపోహ పడుటయే ఇందుకు ముఖ్య కారణం. కొత్త గాయకుడు లూ టేలర్‌తో 'బ్లైండ్ ఫ్యూరీ' పేరున 1985లో 'అవుట్ ఆఫ్ రీచ్' వెలువరించిరి.

తరువాత మైకేల్ జాక్సన్ గాయకుడయ్యెను. ఇతడు ప్రఖ్యాత అమెరికన్ గాయకుడు కాడు, అదే పేరుగల వేరొక వ్యక్తి. ఇతనితో తిరిగి సేటన్ పేరున 1987లో 'సస్పెండెడ్ సెంటెన్స్' వచ్చినది. పాత అపోహ తొలగకపోవుటచే పేరును మరల 'పరయా'గా మార్చి, 1988లో 'ద కిండ్రెడ్', 1989లో 'బ్లేజ్ ఆఫ్ అబ్స్క్యూరిటీ' విడుదల చేసిరి.

ఈ విధంగా 1983-1989 మధ్య ఐదు ఆల్బములు, మూడు పేర్లు, ముగ్గురు గాయకులు. వాద్యకారులు నలుగురూ మాత్రము వారే. ఒక ఆల్బము నచ్చి దుకాణానికి వెళ్ళిన శ్రోతకు, తరువాతి ఆల్బము ఏ పేరు క్రింద వెదకవలెనో తెలియని పరిస్థితి ఏర్పడినది.

పునఃకలయిక

రామ్జీ, ఇంగ్లిష్ 1990లో గాయకుడు మార్టిన్ వాకియర్‌తో కలసి, జానపద బాణీలను మెటల్‌తో మేళవించిన స్కైక్లాడ్ బృందాన్ని నెలకొల్పిరి. ఇంతలో 1983 నాటి ఆల్బము అభిమానుల ద్వారా క్రమంగా ప్రసిద్ధి పొందినది. 2011లో జర్మనీలోని 'కీప్ ఇట్ ట్రూ' ఉత్సవంలో ఆ ఆల్బములోని ఐదుగురూ తిరిగి ఒకే వేదికపై సేటన్ పేరుతోనే వాయించిరి. అనంతరం వారు వెలువరించిన ఆల్బములు:

* లైఫ్ సెంటెన్స్ (2013)
* యాటం బై యాటం (2015)
* క్రూయల్ మ్యాజిక్ (2018)
* ఎర్త్ ఇన్ఫర్నల్ (2022)
* సాంగ్స్ ఇన్ క్రిమ్సన్ (2024)

సేటన్ పేరున 1980లలో వెలువడిన ఆల్బములు రెండే కాగా, పునఃకలయిక తరువాత వెలువడినవి ఐదు. ఒకప్పుడు అడ్డంకిగా తలచి రెండు పర్యాయములు విడిచిన పేరే, చివరకు శ్రోతలు వారిని గుర్తించుటకు ఆధారమైనది.