పత్తికట్టె, పాత డ్రమ్ము

బొగ్గు చేయడం ఉత్తర తెలంగాణకు కొత్త విద్య కాదు. కోనసముద్రం, నిర్మల్ ప్రాంతాల్లో మూసల్లో ఉక్కు తీసిన కాలంలో కొలుములు అడవి బొగ్గు మీదే నడిచాయి. పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల ఊళ్ళలో ఇనుప చిట్టెం దిబ్బలు అందుకు సాక్ష్యం. కాకపోతే ఆ బొగ్గంతా మండి గాలిలో కలిసిపోయింది. బొగ్గును మట్టిలోనే ఉండనిచ్చినవాళ్ళు అమెజాన్ ఆదివాసులు. చుట్టూ నిస్సారమైన నేలలున్నా, వాళ్ళ నివాసాల చోట ఏర్పడ్డ నల్లమట్టి వందల ఏళ్ళ తర్వాతా సారం కోల్పోలేదు. డచ్ మృత్తికా శాస్త్రవేత్త విమ్ సోంబ్రుక్ 1966లో వెలువరించిన పుస్తకంతో ఆ మట్టి మీద శాస్త్రలోకం చూపు పడింది. మట్టిలో కలపడానికి చేసే బొగ్గుకు, అంటే ఇవాళ్టి బయోచార్‌కు మూలం అదే.

దాన్ని మన మెట్టచేలకు తెచ్చిన పనిముట్టు మాత్రం చాలా సాదాసీదాది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా రూపొందించిన బట్టీ ఒక 200 లీటర్ల పాత నూనె డ్రమ్ము. అడుగున గాలికి రంధ్రాలు, పైన కట్టె వేయడానికి చదరపు నోరు. రాళ్ళ మీద నిలబెట్టి, నరికిన కట్టె నింపి అంటిస్తారు. దట్టమైన పొగ పలచబడి నీలిరంగు తిరిగే అదును చూసి డ్రమ్మును నేలకు దించి, నోరు మూసి, అంచుల చుట్టూ మట్టి మెత్తుతారు. అదును దాటితే మిగిలేది బూడిద, తొందరపడితే సగం కాలిన కట్టె. ఇక లెక్కకు వద్దాం. ఎకరానికి టన్ను ఎండు పత్తికట్టె అనుకుంటే అందులో కర్బనం 450 కిలోల దాకా ఉంటుంది. చేలో కుప్పపోసి అంటిస్తే దాదాపు అంతా గాలిపాలు. బట్టీలో 300 కిలోల బొగ్గు చేతికొస్తే 200 కిలోల కర్బనమైనా మిగులుతుంది, అంటే 700 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ పైకి పోకుండా ఆగినట్టు. సూక్ష్మజీవులకు ఈ బొగ్గు అంత తేలిగ్గా కొరుకుడు పడదు గనుక అందులో పెద్దభాగం వందేళ్ళకు పైగా నిలుస్తుంది. కట్టె తగలబెట్టే జిల్లాల్లో బయోచార్ చేసే అసలు మేలు ఇదే. దిగుబడి మాట తర్వాతిది. ప్రచారంలో ఈ వరస తలకిందులైంది.

దిగుబడి పెరగదా అంటే, నేలను బట్టి ఉంటుంది. ఎన్నో దేశాల ప్రయోగాలను గుదిగుచ్చిన 2017 నాటి విశ్లేషణలో ఉష్ణమండలంలో సగటున 25 శాతం పెరుగుదల కనిపించింది, సమశీతోష్ణ దేశాల్లో ఏమీ లేదు. మనది ఉష్ణమండలమేనని సంబరపడే ముందు కారణం చూడాలి. అక్కడి ఆమ్లనేలల్లో బొగ్గు సున్నంలా పనిచేసి పులుపు విరిచింది. ఆదిలాబాద్ రేగడి అసలే క్షారగుణం గలది, నీళ్ళు పట్టి ఉంచడమూ దానికి కొత్తగా నేర్పనక్కర్లేదు. పైగా బూడిద ఎక్కువైన బొగ్గు వేస్తే జింకు, ఇనుము మొక్కకు అందడం ఇంకా కష్టం కావచ్చు. కరీంనగర్ వైపు ఎర్రచెల్కల సంగతి వేరు. ఇసుకపాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ, వాన వెలిసిన నాలుగు రోజులకే తడి ఆరిపోతుంది. బొగ్గులోని సన్నని రంధ్రాలు పనికొచ్చేది అక్కడే.

గట్టి అభ్యంతరం ఒకటుంది. పరిశోధన మళ్ళలో హెక్టారుకు 10 టన్నులు వేసిన సందర్భాలున్నాయి, అంటే ఎకరానికి 4 టన్నులు. ఎకరం కట్టెతో వచ్చే 300 కిలోలను ఏటా దాచినా ఆ డోసుకు 13 ఏళ్ళు పడుతుంది. నేపాల్‌లో ఆవుమూత్రంలో నానబెట్టిన బొగ్గును హెక్టారుకు 750 కిలోల చొప్పున గుమ్మడి వేళ్ళ దగ్గర వేస్తే, ఉత్త ఆవుమూత్రం పోసిన మడికంటే దిగుబడి నాలుగింతలైందని 2015లో ప్రచురించారు. విచిత్రంగా, ఎకరానికి లెక్కగడితే అదీ 300 కిలోలే. గుమ్మడి పత్తి కాదు, సరే. కానీ చేనంతా చల్లకుండా పెంటతో మాగబెట్టి సాళ్ళలో వేయడమే దారని అది సూచిస్తోంది. కట్టెను యంత్రంతో తునియలు చేసి దున్నితే సరిపోదా అనేవారూ ఉన్నారు. నేలకు అదీ మంచిదే, తగలబెట్టడం కంటే వెయ్యిరెట్లు నయం. అయితే అందులో కర్బనం చాలావరకు కొన్నేళ్ళలోనే ఆవిరవుతుంది. అడవి కలప బట్టీలో పడితే మాత్రం ఈ వాదనంతా చెల్లదు, కాబట్టి కవ్వాల్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఆ కాపలా తప్పదు.

ఇక పొగ. సరిగా మండని బట్టీ నుంచి మీథేన్ వెలువడుతుంది, బొగ్గుగా మిగిల్చిన కర్బనం ఫలితంలో కొంతను అది మింగేస్తుంది. డ్రమ్ముకు ఒక దఫాలో పట్టేది కొద్ది కిలోలే గనుక, టన్ను కట్టెకు పదుల సార్లు నింపి దించాలి. పొగను మంటలోనే కాల్చేసేలా 2014 ప్రాంతంలో వచ్చిన శంఖాకారపు బట్టీలు ఈ రెండు కష్టాలనూ కొంత తగ్గించాయి. ఇక డబ్బు. ఇలా నిలిపిన కర్బనానికి లెక్కగట్టే బయోచార్ క్రెడిట్లను మన దేశం నుంచి లక్ష టన్నుల మేర కొనడానికి గూగుల్ 2025 జనవరిలో వరాహ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బులో కట్టె నరికి, బట్టీ దగ్గర కాపు కాసే మనిషి కూలి ఎంతో తేలాకే ఈ డ్రమ్ము పత్తిరైతు ఇంటికి చేరుతుందో లేదో తెలుస్తుంది.