గుండెలో ‘టిక్ టిక్’ మారిందా?

‘వాల్వు మార్పించుకున్నాం కదా, ఇక బెంగ లేదు’ అనుకుంటాం. చాలామంది విషయంలో అది నిజమే. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడడం ఆడవాళ్లలోనే ఎక్కువ. 1960లో అమెరికాలో డాక్టర్ ఆల్బర్ట్ స్టార్ మైట్రల్ స్థానంలో కృత్రిమ వాల్వు అమర్చి దారి చూపారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన వాల్వును 1990లో తొలిసారి రోగికి అమర్చారు.

అయితే అరుదుగా కొందరిలో, ఆపరేషనై ఏళ్లు గడిచాక, లోహపు వాల్వు రెక్క బిగుసుకుపోతుంది. రక్తం గడ్డకట్టి అడ్డుపడడం ఒక కారణం. వాల్వు అంచున మచ్చలాంటి కండ పెరగడం మరొకటి. గడ్డయితే రోజుల్లోనే ప్రాణం మీదికి తేవచ్చు. కండ నెమ్మదిగా పెరుగుతుంది. రెండింట్లోనూ కనిపించేది ఆయాసమే! పని ఎక్కువైందనో, రక్తం తక్కువుందనో సరిపెట్టుకుంటేనే ముప్పు.

మరి తేడా తెలిసేదెలా? మొదట ఎకో తీస్తారు. వాల్వు దగ్గర రక్తానికి ఎంత అడ్డు తగులుతోందో అందులో తెలుస్తుంది. కానీ లోహం నీడ పడి కొంత భాగం కనబడదు. అప్పుడు నోటి ద్వారా అన్నవాహికలోకి సన్నని గొట్టం పంపి ఎకో తీస్తారు. అన్నవాహిక గుండె వెనకే ఉంటుంది కాబట్టి మైట్రల్ వాల్వు స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్లోరోస్కోపీ అనే కదిలే ఎక్స్‌రేలో రెక్కలు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూడొచ్చు. సీటీ స్కాన్‌లో కండ సాధారణంగా గడ్డకన్నా చిక్కగా కనిపిస్తుంది. ఈ తేడా ఎందుకంటే, గడ్డను కొందరిలో మందుతో కరిగించవచ్చు. కండ కరగదు, అవసరమైతే ఆపరేషనే.

రక్తాన్ని పలచబరిచే మాత్రలు పెళ్లి హడావిడిలోనో, ఉపవాసమనో మానకండి. డాక్టరు చెప్పిన గడువుకు ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోండి. గర్భిణుల్లో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఈ మాత్రల్లో కొన్ని బిడ్డకు హాని చేయొచ్చు. అందుకే పిల్లల కోసం అనుకున్నప్పుడే డాక్టరును కలవండి, మీ అంతట మీరు మాత్రలు ఆపొద్దు. ఎక్స్‌రే, సీటీలకు ముందు గర్భం సంగతి తప్పక చెప్పండి.

రోజూ వినిపించే టిక్ టిక్ మందగించినా, కొత్తగా ఆయాసం వచ్చినా వెంటనే చూపించుకోండి. మాట తడబడినా, కాలూచెయ్యీ పట్టు తప్పినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. వాల్వు వివరాలున్న కార్డు ఎప్పుడూ మీ చేతిసంచిలోనే ఉండాలి.