పడవలో టీవీ... లాప్‌టాప్‌లో!

బ్రిటన్ కాలువల్లో తిరిగే నేరోబోట్ల వెడల్పు ఏడడుగుల లోపే. కొందరికి అదే ఇల్లు, మరికొందరికి సెలవుల విడిది. అందులో పెద్ద టీవీకి చోటెక్కడిది? లాప్‌టాప్‌కి వేలెడంత యూఎస్‌బీ ట్యూనర్ తగిలించి, పైకప్పు మీది యాంటెన్నా కలిపితే బొమ్మ వచ్చేస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. కాకపోతే పడవ చోటు మారినప్పుడల్లా యాంటెన్నాను టవర్ వైపు తిప్పుకోవాలి.

అసలు చిక్కు కరెంటుతోనే. లైట్లూ, నీళ్ల పంపూ నడిచేది కూడా ఆ 12 వోల్టుల బ్యాటరీల మీదే మరి. ఇన్వర్టర్‌తో 230 వోల్టులకు పెంచి, మళ్లీ చార్జర్‌తో 19కి దించితే కొంత వృథా. నేరుగా పనిచేసే కారు చార్జరే మేలు.

అన్నట్టు, అక్కడ టీవీ చూడాలంటే లైసెన్సు ఉండాలి. కొన్ని సందర్భాల్లో మాత్రం ఊళ్లో ఇంటికి తీసుకున్న లైసెన్సే పడవలోనూ చెల్లుతుంది!