గోదావరి ఎగువ రెండు కనుమలు

కనుమ యనగానే డెల్టా రైతునకు సంక్రాంతి మరునాటి పశువుల పండుగ తోచును. ఆ పేరే గల మరొక వస్తువు అతని పొలమునకు ఎగువ నున్నది. కొండకును కొండకును నడుమ దారి యిచ్చు సందును కనుమ యందురు. గోదావరి సీమకు ఇట్టివి ముఖ్యముగా రెండు. ఒకదానిని నది తొలిచినది. రెండవదానిని మనుష్యులు తొలిచిరి.

నది తొలిచినది పాపికొండలు. రాజమహేంద్రవరము చెంత రెండు కిలోమీటర్లకు మించి పరచుకొను గోదావరి, అచ్చట కొన్ని తావుల సుమారు 200 గజములకు ఒదిగిపోవును. భద్రాచల యాత్రికులకు చిరకాలము అదియే దారి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిదప కాటన్ దొర, మధ్యపరగణాల ప్రత్తిని ఈ నదిమీదుగనే సముద్రమునకు దింపవలెనని తలచెను. దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు లాకులును కట్టిరి గాని, 1871లో ఆ యత్నమును విడిచిరి. చూచుటకు సొగసైన యీ సందు నమ్మదగినది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పదులకొలది జనులు మరణించిరి.

రెండవది మారేడుమిల్లి కనుమ. రాజమహేంద్రవరమునుండి గోకవరము, రంపచోడవరము దాటి మారేడుమిల్లి చేరువరకు ప్రయాణము సాధారణమే. అటుపిమ్మట చింతూరు దారి వెదురు పొదలలో దూరి, మలుపుమీద మలుపు తిరుగును. ఒక ప్రక్క రాతిగోడ, ఒక ప్రక్క లోయ. హారను విననిదే ఎదుటి బండి జాడ తెలియదు. అమృతధార జలపాతము ఈ దారికి చేరువనే కలదు. సంతలకు వచ్చు కొండరెడ్ల నెత్తిపై చింతపండు, కొండచీపుళ్లు కనబడును.

కొండదారి యనిన మన్యమువారికి మరియొక జ్ఞాపకము కూడ నుండెను. గూడెము సీమలో ఘాట్ రోడ్డు వేయించినపుడు కూలీలకు న్యాయమైన కూలి దక్కకపోవుట, 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన పితూరీకి కారణములలో నొకటి. నేడు మనము కారులో హాయిగా ఎక్కు మలుపులను చూచునపుడు ఇది మరువరాదనుకొందును.

కనుమ దిగిన పిదప చింతూరు, శబరీ నది. కూనవరము వద్ద శబరి గోదావరిలో కలియును. గోదావరి పొంగినచో శబరి నీరు దిగువకు పోజాలక వెనుకకు ఎగదన్నును, ఊళ్లు మునుగును. 2022 జూలైలో భద్రాచలము వద్ద వరద 71 అడుగులు దాటినది. పోలవరము జలాశయము 45.72 మీటర్ల మట్టమునకు నిండిననాడు ఎగువ లోయ పల్లెలనేకము నీటిపాలగును. నదిదారిని నమ్మినవారు అపుడు కొండదారినే ఆశ్రయింపవలెను.

ఆ దారిలో ఇరువైపుల బండ్లు తప్పుకొనలేని మలుపులు కలవు. చింతూరునుండి రాజమహేంద్రవరపు ఆసుపత్రికి రోగిని తెచ్చు బండి, ఎదుటి లారీ వెనుకకు జరుగువరకు అచ్చట నిలిచియుండవలసినదే.