పాసుపోర్టు పోయినవారికి పరులు చేయు సాయము

గౌతమి కిరుప్రక్కలను, వసిష్ఠ కిరుప్రక్కలను గల మన గ్రామములలో కువైటు, మస్కటు, దుబాయి యను పేర్లు అమలాపురము, నరసాపురము, తణుకు అను పేర్లవలెనే ఇంటింట వినబడుచుండును. 2022వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఉభయ గోదావరీ జిల్లాలు పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి గాని, ఈ విషయమున వానిలో నొకటి మఱియొకదానికి తీసిపోదు. కాలువల క్రింద పొలము గలవారు కొందఱు. ఆ పొలములో కూలికి పోవువారు పెక్కండ్రు. ఈ రెండవ తెగవారి యిండ్లలోని స్త్రీలే యెక్కువగా అరబ్బుల యిండ్లలో వంట చేయుటకును, పిల్లలను పెంచుటకును సముద్రము దాటి పోవుచున్నారు. అమ్మమ్మ యొద్ద పెరుగుచు, తల్లి ముఖమును టెలిఫోను అద్దములో మాత్రమే చూచుచు బడికి వచ్చు బాలబాలికలు మన ప్రాంతమున ప్రతి తరగతిలోను కలరు. కావున పరదేశమున పాసుపోర్టు పోయిన నేమగును, అట్టి వేళ సాయము చేయువా రెవరు అను విషయమును వారికిని, వారి పెద్దలకును తెలియునట్లు వ్రాయ దలచితిమి.

పాసుపోర్టనగా నేమి? పూర్వము మన దేశమున ‘రాహదారి’ యను మాట యుండెను. నేడు రహదారి యనిన పెద్దబాట యని యర్థము చెప్పుచున్నాము గాని, పాతకాలమున అది యొక సీమనుండి మఱియొక సీమకు పోవువానికి అధికారు లిచ్చెడి చీటికిని, దారిలో గొనెడి సుంకమునకును పేరు. ఆ చీటియే నేటి పాసుపోర్టునకు తాత యనవచ్చును. భారత ప్రభుత్వ మిచ్చు పాసుపోర్టు లోపలి పుటయందు రాష్ట్రపతి పేర నొక కోరిక అచ్చు వేయబడి యుండును. దీనిని చేత బట్టుకొని వచ్చిన మనుష్యుని ఆటంకము లేక పోనిండనియు, ఆమెకు గాని అతనికి గాని కావలసిన సాయమును, రక్షణమును చేయుడనియు, సంబంధించిన వారి నందఱిని కోరుట దాని తాత్పర్యము. అనగా ఇది యెఱుగనివారికి మన పక్షమున వ్రాయబడిన యుత్తరము. మనలో పెక్కండ్రు ఈ పుటను చదువనే చదువరు. తమ ఛాయాపటము బాగుగ వచ్చినదా లేదా యని మాత్రమే చూచుకొందురు.

1967వ సంవత్సరపు పాసుపోర్టుల చట్టము ననుసరించి ఆ పుస్తకము కేంద్రప్రభుత్వము సొత్తు. అది మనుష్యుని యొద్ద గాని, అతడు స్వయముగా నియమించిన వారి యొద్ద గాని యుండవలయునని అందులోనే వ్రాసి యున్నది. అయినను అరబ్బు దేశములలో జరుగుచుండునది వేఱు. పనికి పోవు ప్రతివారికి అచ్చట ‘కఫీలు’ అను పూచీదారు డుండును. సామాన్యముగా ఆ యింటి యజమానియే కఫీలు. పనిలో చేరిన దినముననే పాసుపోర్టును తీసికొని బీరువాలో బెట్టి తాళము వేయుట పెక్కిండ్ల వాడుక. కువైటులో 2015వ సంవత్సరమున ఇంటిపనివారిని గూర్చి చేయబడిన 68వ చట్టము, పనివారి సమ్మతి లేక వారి పాసుపోర్టును యజమాని యుంచుకొనరాదని నిషేధించినది. చట్టము వచ్చినంత మాత్రమున బీరువాలు తెఱవబడవు గదా! కాబట్టి మన యూళ్లలో ‘పాసుపోర్టు పోయినది’ అనినచో మూడర్థములు కలవు: నిజముగా జాఱిపోవుట, దొంగిలింపబడుట, పరుల బీరువాలో చిక్కుకొనుట. ఈ మూడవదియే యెక్కువ. జీతము రాకయో, దెబ్బలు తాళలేకయో ఇల్లు వెడలిన స్త్రీ కట్టుబట్టలతోనే వెడలును.

మన ముత్తాతల కీ బాధ లేకుండెను. వారి కాలమున సముద్ర ప్రయాణ మనిన రంగము ప్రయాణమే. కాకినాడలో ఓడ నెక్కి రంగములో దిగి, రేవులలో బస్తాలు మోసియు, ధాన్యపు మరలలో పనిచేసియు, పంట కోతలకు మరల నింటికి వచ్చువారు. కోరంగి రేవు పేరునుబట్టి బర్మావారు మనవారి నందఱిని ‘కోరంగీ’ లనిరి. ఆ పిలుపులో గౌరవము తక్కువ. బర్మా 1937వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీని హిందూదేశమునుండి విడదీయబడు వఱకు ఈ ప్రయాణము ఒకే ప్రభుత్వపు నేలలో సాగినది గనుక ఓడ టిక్కెట్టు తప్ప వేఱు కాగితముతో పని లేకపోయెను.

అటుపిమ్మట యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరులో రంగముపై బాంబులు పడెను. 1942 మార్చి 8వ తేదీని పట్టణము జపానువారి వశమయ్యెను. కొన్ని లక్షల హిందూదేశీయులు అరకాను దారిని, మణిపురము దారిని, ఉత్తరమున పాంగ్సౌ కనుమ దారిని కాలినడకను స్వదేశమునకు బయలుదేఱిరి. వారిలో తెలుగు కూలీలు వేలకొలది. అడవి జ్వరములకును, విరేచనములకును, ఆకలికిని దారి పొడుగున వేలకు వేలు ప్రాణములు విడిచిరి. అచ్చట కాగితము నడిగినవారు లేరు. అన్నము పెట్టినవారు కొందఱుండిరి. అస్సాములోని తేయాకు తోటల సంఘమువారు దారిలో మజిలీ మజిలీకి శిబిరములు వేసి, తమ తోటల కూలీలచేత గంజియు తేనీరును కాచించి పోసిరి. ఆ తోటల కూలీలును తమ యూళ్లను విడిచి దూరమునుండి పొట్టకూటికై వచ్చినవారే. 1942 జూనులో గైల్సు మాక్రెల్ అను తేయాకు వర్తకుడు వరదలో నున్న డాఫా నదిని ఏనుగులచేత దాటించి, ఆవలి యొడ్డున చిక్కుపడిన వారిని రక్షించెను. వర్షకాలము ముగియులోపల అతడును, అతని మావటీలును కాపాడినవారు సుమారు ఇన్నూరు మంది. మావటీల పేర్లు మాక్రెల్ పేరువలె ప్రసిద్ధి కెక్కలేదు.

ఇంతకంటె మనకు దగ్గఱిది 1990వ సంవత్సరపు సంగతి. ఆ యేడు ఆగస్టు 2వ తేదీని ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. అప్పటి కచ్చట భారతీయులు సుమారు 1,70,000 మంది. వారిలో కోనసీమ స్త్రీలును, కడప మండలపు పనివారును ఉండిరి. కఫీలులలో పెక్కండ్రు వేసవికి పరదేశములలో నుండిరి. మఱికొందఱు రాత్రికి రాత్రి సరిహద్దు దాటిరి. పనివారి పాసుపోర్టులు మాత్రము తాళము వేసిన కచేరీలలోను, బీరువాలలోను ఉండిపోయెను. దినారు చెల్లుట మానెను, దుకాణములు మూతపడెను, ‘నీ వెవరవు?’ అని ప్రతి మూలను సైనికు లడుగుచుండిరి. చూపుటకు చేతిలో కాగితము లేదు.

ఆ సమయమున కువైటులోని భారతీయులు తామే యొక సంఘముగా కూడిరి. వారిలో ముఖ్యుడు కేరళ దేశస్థుడైన మత్తుణ్ణి మాథ్యూస్. ఆయన టయోటా కార్ల వర్తక సంస్థలో పెద్ద యుద్యోగి యగుటచే జనులు ‘టయోటా సన్నీ’ యని పిలిచెడివారు. నిలువ నీడలేని వారికి భారతీయుల పాఠశాలలలో చోటు చూపి, బియ్యమును పప్పును సమకూర్చి, బస్సులు మాటాడి, పేర్లు వ్రాసికొని వరుసగా జనులను పంపుటకు వీరు పాటుపడిరి. పాసుపోర్టు లేనివారికి మన రాయబారి కార్యాలయమువారు దానికి మాఱుగా ప్రయాణపత్రము లిచ్చిరి. అచ్చటనుండి బాస్రా, బాగ్దాదుల మీదుగ ఎడారిలో వందలకొలది మైళ్లు పోయి జోర్డాను దేశము చేరవలయును. సరిహద్దు నొద్ద ఎండలో, గుడారములలో వేలకొలది జనులు నీటికై వరుసలు కట్టి నిలిచిరి. జోర్డాను చిన్న దేశము, నీరు కఱవైన దేశము. అయినను అచ్చటి ప్రజలును, ధర్మసంస్థలును రొట్టెలు, నీళ్లు, కంబళ్లు తెచ్చి పంచిరి. అమ్మానునుండి ఎయిర్ ఇండియా వారు 59 దినములలో 488 మాఱులు విమానములు నడపి లక్షకు పైగా జనులను బొంబాయి చేర్చిరి. ఇంతటి పౌరవిమాన తరలింపు అంతకుముం దెన్నడును జరుగలేదు. దీనిని గూర్చి చలనచిత్రము కూడ వచ్చినది. అందులో నాయకు డొక్కడే గొప్పగ కనబడును. నిజమునకు చిన్నచిన్న పనులు చేసినవారు వందలమంది యుందురు.

యుద్ధము లేని దినములలో పని మఱియొక తీరున జరుగును. పాసుపోర్టు లేక వీధిలోనికి వచ్చిన స్త్రీ మొదట చూచునది అద్దెకారు నడుపువాని ముఖము. అతడు పాకిస్థానువాడో, బంగాళీయో, మన మలబారువాడో యగును. అతడు దయగలవాడైన కిరాయి నడుగక ఆమెను తిన్నగా భారత రాయబారి కార్యాలయమునకు గొనిపోవును. కానివాడైన మఱొక యింట పనికి కుదిర్చెదనని మోసగించును. ఈ రెండు తెగలవారును ఉన్నారని మన తల్లులు తెలిసికొని యుండుట మేలు. నూఱు దినారులిచ్చిన క్రొత్త పాసుపోర్టు చేయించెదమను దళారుల మాట వినరాదు. రాయబారి కార్యాలయము వెలుపల దొరకు పాసుపోర్టు దొంగ పాసుపోర్టే. తరువాత సాయము చేయువారు సామాన్యముగా మన తెలుగువారే. శుక్రవారపు ప్రార్థన కూటములలో కలిసికొనువారు, ఒకే గదిలో ఆఱుగురు కాపురముండు మేస్త్రీలు, కార్ల మరమ్మతు పనివారు, ఒక్కొక్కరు ఒక్కొక్క దినారు వేసికొని బట్టలును, టెలిఫోను ఖర్చును సమకూర్తురు. అరబ్బీ వచ్చినవా డొకడు పోలీసు ఠాణాకు తోడు పోవును. ఈ తోడు పోవుటయే అన్నిటికంటె పెద్ద సాయమని మా యభిప్రాయము. ఏలయన, కఫీలు అంతకుముందే ‘పారిపోయినది’ అని ఫిర్యాదు చేసి యున్నచో, ఆ కాగితము తొలగిపోవు వఱకు విమాన మెక్కుట సాధ్యము కాదు.

ఇక ప్రభుత్వపు పద్ధతి. పాసుపోర్టు పోయినట్లు పోలీసులకును, రాయబారి కార్యాలయమునకును వెంటనే తెలుపవలయును. పోయినదని వ్రాయించిన పాసుపోర్టు రద్దగును. పిమ్మట అది దిండు క్రింద దొరకినను దానితో ప్రయాణము చేయరాదు. ఇంటికి రాదలచిన వారికి క్రొత్త పాసుపోర్టునకు బదులు ‘ఎమర్జెన్సీ సర్టిఫికేటు’ అను పత్ర మిత్తురు. అది స్వదేశమునకు ఒక్కమాఱు వచ్చుటకు మాత్రమే చెల్లును. దానికి ముందు ఆమె భారతీయురాలే యని తేల్చుకొనవలయును. పాత పాసుపోర్టు సంఖ్య తెలిసిన ఆ వివరములు సులభముగా దొరకును. తెలియనిచో పేరు, తండ్రి పేరు, ఊరు అడిగి మన దేశమునకు వ్రాసి ప్రత్యుత్తరమునకై వేచియుండవలయును. ఆ వేచియుండు కాలమున నిలువ నీడలేని స్త్రీలకు కువైటులో రాయబారి కార్యాలయమువారి ఆశ్రయగృహము కలదు. 2009వ సంవత్సరమున ఏర్పడిన భారతీయ సముదాయ సంక్షేమ నిధినుండి భోజనమునకును, కష్టములో నున్నవారి విమానపు ఖర్చునకును ధన మిత్తురు. అపుడపుడు కువైటు ప్రభుత్వము, గడువు మీఱి యున్నవారు జుల్మానా లేక పోవచ్చునని క్షమాకాలమును ప్రకటించును. 2018లో జనవరి 29వ తేదీ మొదలు ఏప్రిలు 22వ తేదీ వఱకును, మరల 2020 ఏప్రిలులో, కరోనా కాలమునను అట్లు జరిగెను. ఆ దినములలో స్వచ్ఛంద సేవకులు బల్లలు వేసికొని, వ్రాయరానివారికి దరఖాస్తులు వ్రాసి పెట్టిరి.

చదువరులలో పిల్లలు చేయదగిన పని యొకటి కలదు. తల్లి గాని తండ్రి గాని పరదేశమునకు పోవునప్పుడు పాసుపోర్టు మొదటి పుటకును, చివరి పుటకును, వీసాకును నకళ్లు తీయించి, రేషను కార్డుతో పాటు ఇంటి పెట్టెలో నుంచవలయును. సంఖ్యను నోటు పుస్తకములో వ్రాసికొనవలయును. దానిలో మొదట ఒక ఇంగ్లీషు అక్షరమును, దాని తరువాత ఏడంకెలును ఉండును. కఫీలు పేరును, ఆయింటి టెలిఫోను సంఖ్యయు దాని క్రిందనే వ్రాసినచో, అచ్చట ఎవరో యెఱుగని మనుష్యుడు ఆమె పక్షమున టెలిఫోను చేసి యడిగిననాడు ఇచ్చటివారు వెదకుకొనకయే చదివి చెప్పవచ్చును.